రూపాయి బిళ్ళకి నడక నేర్పాను!

ముప్ఫై రెండేళ్ళు ఫిల్ముని కత్తిరించి పొట్టపోసుకున్నవాణ్ణి నేను. సెకనుకి 24 ఫ్రేములు, అడుగుకి 16 ఫ్రేములు, వెయ్యడుగుల రీలు వేస్తే పదకొండు నిమిషాల పైచిలుకు... ఈ లెక్కలు నాకు ఎక్కాలకన్నా బాగా వచ్చు. అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా తడుముకోకుండా చెప్పేస్తాను. అటువంటి నాకు డెబ్భై మూడేళ్ళ వయసులో, ఒక పదకొండేళ్ళ పిల్ల రూపాయి బిళ్ళ చేతికిచ్చి, "తాతయ్యా! దీన్ని ఈ చివర్నించి ఆ చివరికి నడిపించు, చూస్తాను" అంది.

నడిపించలేకపోయాను!

బిళ్ళని వేలితో తోయడం కాదండోయ్. బల్లమీద బిళ్ళ పెట్టి ఒక ఫొటో తియ్యాలి. కాస్త జరిపి ఇంకో ఫొటో. మళ్ళీ కాస్త జరిపి మరోటి. ఇలా తీసిన ఫొటోలన్నిటినీ వరసగా గబగబా చూపిస్తే బిళ్ళ తనంతట తనే నడిచినట్టు కనిపించాలి. స్టాప్ మోషన్ అంటారు దీన్ని. సూత్రం నాకు తెలియంది కాదు. ఆ మాటకొస్తే సినిమా అనేదే ఆ సూత్రం మీద నడుస్తోంది. కానీ సూత్రం తెలిసినవాడికల్లా పని వస్తే ఇంకేం!

ఆ పిల్ల మా మనవరాలు. మా అల్లుడి ఉద్యోగం పూనాలో. 2023 వేసవి సెలవలకి హైదరాబాదు, మా ఇంటికి వచ్చింది. ఆ యేడాది మార్చిలో 'నాటు నాటు' పాటకి ఆస్కార్ వచ్చిన సంగతి తెలుగువాడెవడూ మర్చిపోడు. పొద్దున్నే లేచి నేనూ మా ఆవిడా టీవీ ముందు కూచుని చప్పట్లు కొట్టాం. అయితే అదే సభలో, అదే వేదిక మీద, యానిమేషన్ చిత్రాల బహుమతి గియెర్మో దెల్ తోరో గారి 'పినాకియో'కి ఇచ్చారు. కొయ్యబొమ్మ కథ. బొమ్మల్ని నిజంగానే చేసి, ఫ్రేము ఫ్రేముకీ చేత్తో కదిపి తీసిన సినిమా. పాట సంబరంలో మేము దాన్ని పట్టించుకోలేదు. పూనాలో మా మనవరాలు పట్టించుకుంది! వాళ్ళ బళ్ళో శనివారం పూట హాబీ క్లాసు ఉందట. అక్కడి టీచరమ్మ చేత నాలుగైదు పాఠాలు చెప్పించుకుని, నోట్‌బుక్కులో బొమ్మలు గీసుకుని మరీ వచ్చింది. తాతయ్య సినిమావాడు కదా, తాతయ్యతో కలిసి సినిమా తీసెయ్యాలని దాని ప్లాను.

ఇక్కడ నా గోల కొంచెం చెప్పుకోవాలి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 1957లో 'మాయాబజార్' వచ్చినప్పుడు నాకు ఏడేళ్ళు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరిపోవడం చూసి, ఆ రాత్రి అన్నంలో ముద్దలు కలిపి పెట్టుకుని నోరు తెరుచుకు కూచున్నానట. మా అమ్మ చచ్చిపోయేదాకా అందరికీ చెప్పి నవ్వించేది. ఆ పిచ్చితోనే 1972లో మద్రాసు రైలెక్కాను. ఫీల్డుకొచ్చే ప్రతివాడూ హీరో అవుదామనే వస్తాడు, నేను మాత్రం మార్కస్ బార్‌ట్లే గారిలా కెమెరామన్ అవుదామని వచ్చాను. కెమెరా దగ్గరికి రానిచ్చేవాడు ఎవడు? కోడంబాకంలో ఒక ఎడిటింగ్ రూములో రీళ్ళు చుట్టే పని దొరికింది. చుడుతూ చుడుతూ నెగటివ్ కటింగులో స్థిరపడ్డాను.

ఆ పని సంగతి చాలామందికి తెలియదు. ఎడిటరుగారు కోసేది రష్ ప్రింటు. ఆయన దాన్ని పదిసార్లు కోసుకోవచ్చు, పదిసార్లు అతికించుకోవచ్చు. ఆయన కూర్పు ఖాయమయ్యాక, ఫిల్ము అంచున ఉండే నంబర్లు చూసుకుంటూ అసలు నెగటివ్‌ని దానికి సరిగ్గా జోడీ చేసి కోయడం మా వంతు. తెల్ల గ్లవుసులు తొడుక్కుని, ఊపిరి బిగబట్టి చేసే పని. అతుకు పడేచోట పైపొర గీకి, సిమెంటు రాసి, నొక్కిపట్టాలి. రష్ ప్రింటు పాడైతే ఇంకోటి వేసుకోవచ్చు. నెగటివ్ తప్పు కోస్తే బ్రహ్మదేవుడు కూడా అతికించలేడు. ముప్ఫై యేళ్ళ పైచిలుకు నా చేతిమీద ఒక్క మచ్చ లేదు. ఆ గర్వం ఉండేది, ఎందుకు దాచుకోవాలి!

2004లో ఒకనాడు గీకుతూ ఉండగా నా కుడిచెయ్యి వణికింది. వణికి, గీకాల్సినచోట కాకుండా పక్క ఫ్రేముమీదికి వెళ్ళింది. హీరోగారి క్లోజప్పు. రెండు ఫ్రేములు పోయాయి. ఎడిటరుగారు నాకంటే ఇరవై యేళ్ళు చిన్నవాడు, మంచివాడు. "పోన్లెండి గురువుగారూ, రెండు ఫ్రేములేగా, ఎవరికి తెలుస్తుంది?" అని షాటు కాస్త ముందే తెంపేశాడు. నిజంగానే ఎవరికీ తెలియలేదు. సినిమా ఆడింది కూడా. హాల్లో ఆ షాటు వచ్చేసరికి నేను మాత్రం కళ్ళు మూసుకున్నాను.

డాక్టరుగారు చూసి, "పార్కిన్సన్స్ కాదు, భయపడకండి. ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు ఏమీ ఉండదు, పనిచేయబోతే వణుకుతుంది" అన్నారు. భయపడొద్దనడం బాగానే ఉంది. పనిచేయబోతేనే వణికే చేతితో నెగటివ్ కోసేదెలా? మానేశాను. చేతి సంగతి ఫీల్డులో ఎవరికీ చెప్పలేదు. ఓపిక తగ్గిందన్నాను. ఆ తర్వాత కొన్నేళ్ళకి డిజిటల్ వచ్చి ఆ పనే లేకుండా పోయింది. నా వెనకే తలుపు వేసేసినట్టయింది. ఇంట్లో కాఫీ సగం గ్లాసే పోయించుకునేవాణ్ణి. పెళ్ళిళ్ళలో నిలబడి తినే భోజనాలకి వెళ్ళడం మానుకున్నాను. బ్యాంకులో సంతకం కలవక రెండుసార్లు తిప్పిపంపితే, మా ఆవిడ పేరుమీదకి అకౌంటు మార్పించాను. ఇలా పందొమ్మిదేళ్ళు గడిచాయి.

అటువంటి చేతిలో మనవరాలు రూపాయి బిళ్ళ పెట్టింది!

"నావల్ల కాదమ్మా, చెయ్యి వణుకుతుంది" అన్నాను. నోరు తెరిచి ఆ మాట నేను ఎవరితోనైనా అనడం అదే మొదలనుకుంటాను. అది నా మొహంకేసి చూసి, చాలా మామూలుగా, "వణికితే వణకనీ తాతయ్యా. నువ్వు చెయ్యి తీసేశాకే కదా ఫొటో తీసేది!" అంది.

నేను కాసేపు మాట్లాడలేదు.

సరే, అసలు పనికొద్దాం. సెల్‌ఫోనులో దీనికోసం 'స్టాప్ మోషన్ స్టూడియో' అని ఒక యాప్ ఉంది. ముందు తీసిన ఫ్రేము లీలగా కనిపిస్తూ ఉంటుంది కనక ఇప్పుడు ఎంత జరిపామో పోల్చి చూసుకోవచ్చు. ఉల్లిపొర అని దాని పేరు, పేరు భలేగా ఉంది. ఫోనుని పాత నిఘంటువులకి ఆనించి రబ్బరుబ్యాండ్లు వేసి కట్టాం. మీట మనం వేలితో నొక్కితే ఫోను కదిలి బొమ్మ గెంతుతుంది. అందుకని ఇయర్‌ఫోను తీగెకుండే బటను నొక్కాలి, దానికీ ఫొటో పడుతుంది. సెకనుకి 12 ఫొటోలు చాలంది మనవరాలు. సినిమా లెక్కలో ఒక్కో భంగిమ రెండేసి ఫ్రేములు నిలుస్తుందన్నమాట. పెద్ద పెద్ద బొమ్మల సినిమాల్లోనూ చాలావరకు ఇలాగే చేస్తారు.

24 ఫొటోలు, రెండు సెకన్ల సినిమా. స్కేలు పెట్టి ప్రతిసారీ సరిగ్గా ఒక్క సెంటీమీటరు జరిపాను. నెగటివ్ కటర్ని కదా, కొలత తప్పితే నిద్రపట్టదు. మోచెయ్యి దిండుమీద ఆనిస్తే వణుకు కాస్త అదుపులో ఉంటుందని ఆ పూటే కనిపెట్టాను. బిళ్ళని వేళ్ళతో పట్టుకోకుండా స్కేలు అంచుతో గీతదాకా నెట్టడం ఇంకా నయం. ముప్పావుగంట పట్టింది. వేసి చూశాం.

బిళ్ళ జరిగింది. కాని ఎవరో దారం కట్టి లాగినట్టు జరిగింది. దానికితోడు వెలుగు టపటపా కొట్టుకుంటోంది. "దీనికి ప్రాణం లేదు తాతయ్యా" అని తేల్చేసింది మనవరాలు. నాకు ఒళ్ళుమండింది. కొలత ప్రకారం చేసినదానికి ప్రాణం లేకపోవడమేమిటి!

వెలుగు సంగతి ముందు తేలింది. ఒకటి కిటికీ. మబ్బు వచ్చిపోయినప్పుడల్లా ఫ్రేము ఫ్రేముకీ ఎండ మారుతోంది. రెండోది నా తెల్ల బనీను! నేను ముందుకు వంగినప్పుడు దాని వెలుగు బల్లమీద పడుతోంది, వెనక్కి జరిగితే పోతోంది. ఈ పని చేసేవాళ్ళు ముదురురంగు చొక్కాలు వేసుకుంటారట. కిటికీకి దుప్పటి కట్టి, ఫ్యానాపి, ఫోనులో వెలుగు మారకుండా బిగించి, మే నెల ఎండల్లో నల్లచొక్కా తొడుక్కుని కూచున్నాను. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, "ఏమండీ, శబరిమల సీజను ఇప్పుడు కాదుగా!" అని వెళ్ళిపోయింది.

ప్రాణం సంగతి తేలడానికి రెండ్రోజులు పట్టింది. మనవరాలి నోట్‌బుక్కులో ఒక గీత, గీతమీద అడ్డగీతలు ఉన్నాయి. మొదట దగ్గర దగ్గరగా, పోనుపోను దూరం దూరంగా, చివర మళ్ళీ దగ్గర దగ్గరగా. "ఎందుకిలాగ?" అంటే, "టీచర్ చెప్పింది" అంది. నేను దాన్ని పట్టుకుని ఆలోచిస్తుంటే బెజవాడ స్టేషన్లో రైలు గుర్తుకొచ్చింది. గార్డు జెండా ఊపగానే రైలు దౌడు తియ్యదు. ముందు ఇంత కదులుతుంది, కిటికీ దగ్గర నించున్నవాళ్ళు ఇంకా మాట్లాడుతూ పక్కన నడుస్తూనే ఉంటారు. తర్వాత పెద్ద అంగలు, ఆ తర్వాత పరుగు. ఆగేటప్పుడు కూడా అంతే. బరువున్న వస్తువేదీ ఒక్కసారి బయల్దేరదు, ఒక్కసారి ఆగదు. సమానమైన దూరాలు జరిపితే మన కన్ను దానికి బరువు లేదనుకుంటుంది, బరువు లేనిదానికి ప్రాణం లేదనుకుంటుంది.

ఈసారి బల్లకి ఫ్రేము అవతల ఒక కాగితం పట్టీ అంటించి పెన్సిలు గుర్తులు పెట్టుకున్నాను. ఒక మిల్లీమీటరు, రెండు, నాలుగు, ఏడు, పదకొండు... మధ్యలో రెండు సెంటీమీటర్ల దాకా పోయి మళ్ళీ తగ్గించుకుంటూ వచ్చాను. అవే 24 ఫొటోలు. వేసి చూస్తే, ఏం చెప్పమంటారు! బిళ్ళ బద్ధకంగా లేచింది, ఊపందుకుంది, బల్ల చివర చూసుకుని జాగ్రత్తగా ఆగింది. జాగ్రత్తగా అన్నమాట నేను వేసింది కాదు, మనవరాలు అంది: "కిందపడతానని భయపడింది తాతయ్యా!" రూపాయి బిళ్ళకి భయం!

నేను ముప్ఫై రెండేళ్ళలో లక్షల ఫ్రేములు చూసినవాణ్ణి. మా ఎడిటింగువాళ్ళకి ఒక అహంకారం ఉంటుంది, నటుడు ఏం చేసినా దాన్ని నిలబెట్టేది మేమేనని. కదలికమీద కోస్తే కోత కనబడదు అని కూడా మాకు తెలుసు. కానీ ఒక కదలిక ఎక్కడ పుట్టి ఎక్కడ చచ్చిపోతుందో నేనెప్పుడూ చూడలేదు. చేతికొచ్చిన కదలికని తెంపడమే తప్ప, ఒక్కదాన్నీ చేసి ఎరగను.

ఆ తర్వాత అగ్గిపుల్లలు. పెట్టె తెరుచుకోవాలి, పుల్లలు ఒకటొకటే బయటికొచ్చి వరసలో నిలబడాలి. ఈ పని చేస్తూ మనవరాలికి ఫాల్కే గారి కథ చెప్పాను. 'రాజా హరిశ్చంద్ర' తీయకముందే, 1912లో ఆయన ఒక బఠానీ గింజ కుండీలో నాటి, రోజుకో ఫ్రేము చొప్పున నెలకి పైగా తీసి, నిమిషంలో మొక్క మొలిచి పెరిగినట్టు చూపించాడు. ఆ బొమ్మ చూశాకే ఆయనకి పెట్టుబడి పుట్టింది. ఆ తర్వాత 1915లో అగ్గిపుల్లల్ని ఆడించి ఒక చిన్న చిత్రం తీశాడు, 'ఆగకాడ్యాంచీ మౌజ్' అని మరాఠీలో దాని పేరు. అగ్గిపుల్లల తమాషా అని చెప్పుకోవచ్చు. "అయితే మన సినిమా తాతయ్య కూడా హోంవర్కు చేశాడన్నమాట" అంది మనవరాలు.

అగ్గిపుల్లలు నా చేతిని బాగా ఏడిపించాయి. ఒకటి జరపబోతే పక్కవి రెండు పడేవి. అడుగున చిటికెడు మైనం అద్దితే నిలబడ్డాయి. పుల్లని పట్టుకోవడానికి మా పాత ఎడిటింగ్ రూము చిమటా వెతికి తీశాను. పందొమ్మిదేళ్ళ తర్వాత దాన్ని పట్టుకోవడం. అయినా ఒక్కో పుల్లని గుర్తుమీద పెట్టేసరికి నాలుగైదుసార్లు తప్పేది. మనవరాలు బటను పట్టుకుని ఓపిగ్గా కూచునేది. చివరికి వేసి చూస్తే, ఆ తప్పిన నాలుగుసార్లూ ఎక్కడా లేవు! పుల్లలు పోలీసు పెరేడులా చకచకా నడుస్తున్నాయి. చూసినవాడెవడూ వీటిని వణికే చెయ్యి నడిపిందనుకోడు.

అలాగని చెయ్యి పూర్తిగా మాయమవుతుందని కూడా అనుకోకండి. 1933 నాటి 'కింగ్ కాంగ్' దొరికితే ఈసారి దగ్గరగా చూడండి. ఆ గొరిల్లా వంటిమీద బొచ్చు ఊరికే రేగుతూ ఉంటుంది, గాలికి కాదు. విల్లిస్ ఓబ్రియన్, ఆయన మనుషులూ ఫ్రేము ఫ్రేముకీ బొమ్మని పట్టుకుని కదిపినప్పుడు వేళ్ళు తగిలి బొచ్చు చెదిరింది. తీసినవాళ్ళ వేళ్ళు అవి, తొంభై యేళ్ళుగా తెరమీద కదులుతున్నాయి. ఆ బొమ్మ చూసి మతిపోయిన కుర్రవాడే రే హ్యారీహౌసెన్. ఆయన 1963లో 'జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్'లో ఏడు అస్థిపంజరాలు ముగ్గురు మనుషులతో కత్తియుద్ధం చేసే ఘట్టం తీశాడు. తెరమీద నిమిషాల్లో అయిపోయేదానికి నాలుగున్నర నెలలు కూచున్నాడు. ఆ సంగతి చదివాక, అగ్గిపుల్లలకి మూడ్రోజులు పట్టిందని విసుక్కోవడం మానేశాను.

మూడోది బంతి. గాల్లో ఎగిరే బంతికి ఆధారం ఎక్కణ్ణించి తెస్తాం? అందుకని పైనించి తీశాం. ప్లాస్టిక్ స్టూలుకి మధ్యలో చిల్లి ఉంటుంది చూడండి, ఫోనుని స్టూలుమీద బోర్లాపడుకోబెట్టి కెమెరా కన్ను ఆ చిల్లిమీదకి వచ్చేలా పెట్టాం. స్టూలు కింద నల్లకాగితం, దానిమీద మట్టిబిళ్ళ. పక్కన టేబులు ల్యాంపు. ఏ స్టూడియోకీ తీసిపోని ఏర్పాటు! బంతి పైకెళ్ళినప్పుడు ఎడాలు తగ్గిపోతూ వచ్చి, కొనన దాదాపు ఆగిపోవాలి. కిందికొచ్చేటప్పుడు పెరగాలి. నేలకి తగిలిన ఒక్క ఫ్రేములో నొక్కుకుపోయినట్టు వెడల్పు చెయ్యాలి. ఆ ఒక్క ఫ్రేము లేకపోతే బంతి రాయిలా ఉంటుంది. విడిగా చూస్తే అది అప్పడంలా వికారంగా ఉంటుంది, పరుగులో ఎవరికీ కనబడదు, కానీ తీసేస్తే వెంటనే తెలిసిపోతుంది. ఒక్క ఫ్రేము! రెండు ఫ్రేములేగా అన్న ఎడిటరుగారు ఆ రోజు చాలాసార్లు గుర్తుకొచ్చారు.

నాలుగోది తల తిప్పడం. మట్టిమనిషిని చేసి, లోపల అల్యూమినియం తీగె మెలిపెట్టి, కుడికి చూస్తున్నవాణ్ణి ఎడమకి చూపించాలి. బొంగరంలా తిప్పితే దెయ్యంలా ఉన్నాడు. మనిషి తల ఎలా తిరుగుతుందో చూద్దామని వంటింట్లో ఉన్న మా ఆవిణ్ణి వెనకనించి ఊరికే పిలవడం మొదలెట్టాను. మొదట కళ్ళు కదులుతాయి. తర్వాత తల, మధ్యలో కాస్త కిందికి వంగి లేస్తుంది. ఆఖర్న భుజం. చాలాసార్లు రెప్ప కూడా ఆ తిరగడంలోనే పడుతుంది. అయిదోసారి పిలిచేసరికి భుజం, గరిటె కలిసి తిరిగాయి. "నలభై ఆరేళ్ళలో ఎప్పుడైనా ఇలా చూశారా నన్ను?" అంది. నిజమే. చూడలేదు.

జూన్‌లో మనవరాలు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు రోజు రాత్రి నాకు ఫోనులో 'ఎ చెయిరీ టేల్' చూపించింది. నార్మన్ మెక్‌లారెన్, క్లాడ్ జుత్రా అనేవాళ్ళు కెనడాలో తీసింది. ఒక మనిషి కుర్చీలో కూచోబోతాడు, కుర్చీ కూచోనివ్వదు. అంతే కథ. సంగీతం మన రవిశంకర్ గారిది. తీసింది 1957లో! నేను తెనాలిలో అన్నం ముద్దలు పెట్టుకుని నోరు తెరిచిన యేడు. స్టేషన్లో రైలెక్కి కిటికీలోంచి, "తాతయ్యా, లాస్టు పాఠం మిగిలిపోయింది. నీకు ఇష్టమైన కదలిక ఒకటి నువ్వే చూసి చెయ్యాలి. ఇరవై సెకన్లు" అంది. రైలు ముందు ఇంత కదిలింది...

ఇష్టమైన కదలిక ఏదని నెలరోజులు ఆలోచించాను. పిల్లి, గాలిపటం, తోలుబొమ్మలాటలో బంగారక్క గంతు, అన్నీ అనుకున్నాను. చివరికి ఇష్టంలేని కదలికే తీసుకున్నాను. మట్టిమనిషి బల్లముందు కూచుని ఉంటాడు. బల్లమీద నీళ్ళగ్లాసు. వాడు ఆ గ్లాసు ఎత్తి తాగాలి. వాడి చెయ్యి వణుకుతుంది.

సుళువనుకున్నాను. ఒక ఫ్రేములో చెయ్యి ఇటు, ఇంకో ఫ్రేములో అటు. సెకనుకి పన్నెండు కనక ఆరు వణుకులు. ఈ జబ్బులో చెయ్యి సెకనుకి నాలుగునించి పన్నెండుసార్లు ఊగుతుందంటారు, అంచేత లెక్క సరిపోయింది. వేసి చూస్తే, కుట్టుమిషను సూది! రూపాయి బిళ్ళని సెంటీమీటరు చొప్పున జరిపిన తప్పే మళ్ళీ చేశాను. మరి నిజమైన వణుకు ఎలా ఉంటుంది? అది చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. పందొమ్మిదేళ్ళుగా ఎవరూ చూడకూడదని బల్లకింద దాచుకున్నదాన్ని ఫోను ముందు పెట్టి, గ్లాసెత్తుతూ వీడియో తీసుకున్నాను. తర్వాత తలుపు వేసుకుని, పాతరోజుల్లో మూవియోలా దగ్గర కూచున్నట్టు కూచుని, ఒక్కో ఫ్రేమే ముందుకీ వెనక్కీ జరుపుతూ చూశాను.

గ్లాసు బల్లమీద ఉన్నంతసేపూ చెయ్యి నిలకడగానే ఉంది. ఎత్తగానే చిన్న కదురు. సగం దూరం వచ్చేసరికి ఒక క్షణం తగ్గింది, తగ్గుతుందని నాకు తెలియనే తెలియదు. నోటిదగ్గరికి వచ్చేసరికి పెద్దదైంది. రెండు ఊగులు ఒక్కలా లేవు. ఎడమచెయ్యి తనంతట తనే సాయానికి లేచి, మళ్ళీ ఎవరైనా చూస్తారేమోనని ఆగిపోయింది. అది నేనెప్పుడు నేర్చుకున్నానో! ఇంకో నటుడైతే ఈ షాటు ఒక్క ఫ్రేము కూడా కోయనిచ్చేవాణ్ణి కాదు.

ఇప్పుడు అదే చేస్తున్నాను. మట్టిమనిషి చెయ్యి నిజంగా వణుకుతున్నట్టు రావాలంటే ఒక్కో ఫ్రేములో దాన్ని ఎక్కడ నిలపాలో అక్కడే నిలపాలి, వెంట్రుకవాసి తేడా రాకూడదు. నా చెయ్యి ఆ పని చేస్తోంది, దిండూ చిమటా సాయంతో. గ్లాసులో నీళ్ళకి గ్లిజరిన్ వాడుతున్నాను. మన హీరోయిన్ల కన్నీళ్ళకి వాడేదే, ఒలికినచోట చుక్క కదలకుండా నిలబడుతుంది. మంచిరోజైతే యాభై ఫ్రేములు, చెడ్డరోజైతే పదిహేను. ఒకరోజు బల్లకి మోకాలు తగిలి నలభై ఫ్రేములు పారేశాను. మా ఆవిడ ఇప్పుడు ఆ గదిలోకి తెల్లచీర కట్టుకుని రావడం లేదు.

మొన్న ఆదివారం అయినంతవరకు మనవరాలికి పంపించాను. పది నిమిషాల్లో వీడియో కాల్ వచ్చింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు, ఫోనుకేసి చూస్తూ ఉంది.

"తాతయ్యా, ఇది నీ చెయ్యే కదా?" అంది.

"అవునమ్మా."

"బాగా వచ్చింది. ఎడంచెయ్యి లేచి ఆగిపోయిందే, అది చాలా బావుంది." మళ్ళీ ఆగి, "ఇంతకీ నీళ్ళు తాగుతాడా, ఒలకబోస్తాడా?" అని అడిగింది.

ఇంకా 38 ఫ్రేములున్నాయని చెప్పాను.